కాలేయానికి కాపలా ఎవరు?



ఈ మధ్య మన కార్యక్రమానికి వస్తున్న ఉత్తరాల్లో ఒక మాట పదే పదే కనిపిస్తోంది. యాంటీ ఆక్సిడెంట్లు. పత్రికల్లో అనామ్లజనకాలని రాస్తున్నారు గానీ, మందుల షాపులో ఆ పేరు చెబితే కుర్రాడు తెల్లమొహం వేస్తాడు. అందుకని మనం కూడా యాంటీ ఆక్సిడెంట్లనే అందాం.

కొండాపూర్ నుంచి ఒక తల్లి రాసింది. కొడుకుకి హైటెక్ సిటీలో ఉద్యోగం. ఆఫీసులో రక్తదాన శిబిరం పెడితే ఉత్సాహంగా వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాడట. కొన్నాళ్ళకి బ్లడ్ బ్యాంకు వాళ్ళు పిలిచి, "మీ రక్తంలో హెపటైటిస్ బి వైరస్ కనబడింది, డాక్టరు గారిని కలవండి" అన్నారు. కుర్రాడికి ఒంట్లో ఏ బాధా లేదు. కళ్ళు పచ్చబడలేదు, ఆకలి మందగించలేదు. ఆవిడ ఫోన్లో ప్రకటనలు చూసి లివర్‌ని శుభ్రం చేస్తాయన్న యాంటీ ఆక్సిడెంట్ మాత్రల సీసాలు మూడు రకాలు తెప్పించింది. "ఇవి వాడితే సరిపోతుందా? డాక్టరు దగ్గరకు వెళితే విషయం నలుగురికీ పొక్కి పెళ్ళి సంబంధాలు చెడిపోతాయేమో" అని అడిగింది. చేతిరాత చూస్తేనే తెలుస్తోంది, నిద్రలేని రాత్రి రాసిన ఉత్తరం అది.

సరిపోదమ్మా. ఎందుకు సరిపోదో చెప్పాలంటే మాత్రం కాస్త కాలేయం లోపలికి వెళ్ళాలి. నేను డాక్టర్ని కాను, మెట్రిక్ దాకా చదువుకున్న ఇల్లాలిని. చదివి తెలుసుకున్నది మన వంటింటి భాషలో చెబుతాను.

వంకాయ తరిగి గట్టు మీద పెట్టి, ఫోనొచ్చిందని పక్క గదిలోకి వెళ్ళి వస్తాం. ఇంతలో ముక్కలు నల్లబడతాయి. గాలిలోని ఆక్సిజన్ చేసిన పని అది. అందుకే మన పెద్దవాళ్ళు ముక్కల్ని ఉప్పు నీళ్ళలోనో మజ్జిగ నీళ్ళలోనో వెయ్యమన్నారు. ఇనప మూకుడు తడిగా వదిలేస్తే తుప్పు పట్టేదీ, పాత నూనె వాసన కొట్టేదీ కూడా దీని చలవే. మనల్ని బతికించే ఆక్సిజనే వస్తువుల్ని పాడు చేస్తుంది కూడా.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ చిన్న చిన్న కుంపట్లుంటాయి. మైటోకాండ్రియా అంటారు వాటిని. తిన్న అన్నాన్ని ఆక్సిజన్‌తో మండించి శక్తినిచ్చేవి అవే. కాలేయం రాత్రింబవళ్ళు చాకిరీ చేసే అవయవం కనుక ఒక్కొక్క కాలేయ కణంలో ఇవి వెయ్యికి పైనే ఉంటాయి. కుంపటి అన్నాక నిప్పురవ్వలు ఎగరవా? ఎగురుతాయి. ఆ రవ్వలనే ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి దేని మీద పడితే దాన్ని కాలుస్తాయి, అది కణం గోడలోని కొవ్వు కావచ్చు, లోపలి ప్రోటీను కావచ్చు, వంశవాహికలున్న డి.ఎన్.ఏ. కావచ్చు.

రవ్వలు ఎగురుతాయని తెలిసిన సృష్టి, ఆర్పేవాళ్ళని కూడా కణంలోనే పెట్టింది. మొదటివాడి పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. 1969లో అమెరికాలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీని పనిని కనిపెట్టారు. ఇది నిప్పురవ్వని పట్టుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చేస్తుంది. ఆ పెరాక్సైడ్ మనకు కొత్తది కాదు, పిల్లల మోకాళ్ళు దోక్కుపోతే పోసేదే. గాయం మీద పొయ్యగానే బుసబుసమని నురగ వస్తుంది చూశారా? మన రక్తంలో, కండలో ఉన్న కాటలేజ్ అనే రెండో కాపలాదారు దాన్ని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడగొడుతున్నాడన్నమాట. మాంసం వండుకునే ఇళ్ళలో చిన్న కార్జం ముక్క మీద రెండు చుక్కల పెరాక్సైడ్ వేసి చూడండి, పాలు పొంగినట్టు పొంగుతుంది. కాలేయంలో కాటలేజ్ అంత దండిగా ఉంటుంది. (ఆ ముక్క మాత్రం మళ్ళీ కూరలో వెయ్యకండి.)

మూడోది గ్లూటాథయోన్. నా దృష్టిలో అసలు పెద్ద దిక్కు ఇదే. మూడు అమైనో ఆమ్లాలతో కాలేయం తనంతట తాను కట్టుకునే పదార్థం. రవ్వల్ని ఆర్పడమే కాదు, మనం మింగే మందుల్లోని విషాన్ని కూడా మోసి బయట పారేస్తుంది. ఇది ఎంత ముఖ్యమో తెలియాలంటే జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ సంగతి చూడాలి. డాక్టరు చెప్పిన మోతాదులో ఆ మాత్ర వల్ల భయం లేదు. మోతాదు మించితే గ్లూటాథయోన్ నిల్వ ఖాళీ అయిపోయి రెండు మూడు రోజుల్లో కాలేయం కుప్పకూలుతుంది. అలాంటి రోగికి ఆస్పత్రిలో ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు ఎక్కిస్తారు. గ్లూటాథయోన్ కట్టుకోవడానికి కావలసిన సరుకు అది. సమయానికి ఇస్తే ప్రాణం నిలుస్తుంది. కాబట్టి యాంటీ ఆక్సిడెంట్లన్నీ బూటకమని నేననడం లేదు. ఎక్కడ, ఎప్పుడు, దేనికి అన్నదే ప్రశ్న.

రవ్వలు ఎక్కువై ఆర్పేవాళ్ళు చాలని స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. ఒత్తిడి అనగానే మనకు పిల్లల పరీక్షలూ, కోడలి ఆఫీసూ గుర్తొస్తాయి. ఇది ఆ ఒత్తిడి కాదు. యోగాసనాలతో పోయేది అంతకన్నా కాదు.

ఇక వైరస్ సంగతి. కామెర్లు తెచ్చే వైరస్‌లలో ఎ, ఇ అనేవి కలుషితమైన నీళ్ళ వల్ల, తిండి వల్ల వస్తాయి. చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పసరు వేసుకున్నా తగ్గుతాయి, వేసుకోకపోయినా తగ్గుతాయి. పసరు మందులకి పేరు వచ్చింది ఇలాగే. గర్భిణులకి మాత్రం ఇ రకం చాలా ప్రమాదం, వాళ్ళని ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. బి, సి రకాలు వేరు. అవి రక్తం ద్వారా, కలుషితమైన సూదుల ద్వారా, తల్లి నుంచి బిడ్డకూ వస్తాయి. బి రకం దాంపత్యం వల్ల కూడా వస్తుంది. వచ్చి చడీచప్పుడు లేకుండా ఇరవై ముప్ఫై ఏళ్ళు కూర్చోగలవు. 2022లో మన దేశంలో 2.98 కోట్ల మంది బి తోనూ, 55 లక్షల మంది సి తోనూ ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. వాళ్ళలో చాలామందికి తమలో అది ఉన్నట్టే తెలియదు.

సి వైరస్ తిన్నగా కుంపటి మీదే చెయ్యి వేస్తుంది. దాని ప్రోటీను ఒకటి మైటోకాండ్రియాకి అతుక్కుని కుంపటిని అదుపు తప్పిస్తుంది, రవ్వలు రెట్టింపవుతాయి. చాలామంది రోగుల కాలేయంలో ఇనుము కూడా పేరుకుంటుంది. ఇనుముకీ పెరాక్సైడ్‌కీ జత కుదిరితే అన్నింటికన్నా ఘోరమైన రవ్వ పుడుతుంది. అందుకే ఈ జబ్బున్న మగవాళ్ళకి, "నీరసంగా ఉన్నావు, కాస్త ఐరన్ టానిక్ తాగు నాయనా" అని మన ప్రేమకొద్దీ పోసెయ్యకూడదు. డాక్టరుని అడిగి తీరాలి.

బి వైరస్ కథ ఇంకో రకం. అది కణంలో కూర్చుంటుందే గానీ తనకై తాను కణాన్ని పెద్దగా చంపదు. దాన్ని పట్టుకోవడానికి వచ్చిన మన తెల్ల రక్తకణాలే ఆ కణాల మీద పడతాయి. వాటి ఆయుధాల్లో ఈ నిప్పురవ్వలూ ఉన్నాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది. ఎలుక మాత్రం కణం నడిబొడ్డున కేంద్రకంలో భద్రంగా దాక్కునే ఉంటుంది.

ఈ మంట ఏళ్ళ తరబడి సాగితే ఏమవుతుంది? కాలేయ కణాల పక్కన నక్షత్రాల ఆకారంలో ఉండే కణాలు కొన్నుంటాయి. మామూలు రోజుల్లో వాటి పని విటమిన్ ఎ దాచిపెట్టుకోవడం. పక్కింట్లో మంటలు లేస్తే అవి ఆ పని మానేసి నారపోగులు అల్లడం మొదలుపెడతాయి. కాలిన చోట చర్మం ముడుచుకుని గట్టి మచ్చ కట్టినట్టే లోపలా కడుతుంది. ఆ మచ్చలు కలిసిపోయి కాలేయం గట్టిపడి ముద్దలు కట్టడమే సిరోసిస్. ఇంకో పక్క డి.ఎన్.ఏ. మీద రవ్వ పడినప్పుడల్లా ఒక అక్షరం చెడిపోతుంది. కణం దిద్దుకుంటుంది, మళ్ళీ చెడుతుంది. ఎక్కడో ఒకచోట దిద్దుబాటు తప్పితే క్యాన్సర్‌కి దారి పడుతుంది.

మరి ఆర్పేవాళ్ళని బయటినుంచి సీసాల్లో తెచ్చి పొయ్యొచ్చు కదా? లోకంలో చాలామందికి ఈ ఆలోచన వచ్చింది, ప్రయత్నాలూ జరిగాయి. పాలతిస్సె అనే మొక్క గింజల నుంచి తీసే సిలిమారిన్‌ని మన షాపుల్లో లివర్ టానిక్కుల్లో కలుపుతారు. అమెరికాలో సి వైరస్ ఉన్న 154 మందిని పోగుచేసి కొందరికి ఆ మందు, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చి ఆరు నెలలు చూశారు. 2012లో ఫలితం వచ్చింది. రెంటికీ తేడా లేదు. ఫిన్లండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ళని పోగుచేసి వాళ్ళలో కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చి చూస్తే, 1994లో తేలిందేమిటంటే, మాత్రలు మింగినవాళ్ళలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ నూటికి 18 వంతులు ఎక్కువ. క్యారట్ తినడం వేరు, అందులో ఒక పదార్థాన్ని పిండి మాత్ర కట్టి రోజూ మింగడం వేరు.

మన నేల ఉసిరి కథ ఇంకా చిత్రమైనది. బి వైరస్ జాడను మొదట పట్టుకుని 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బ్లూంబర్గ్ గారు, మద్రాసు శాస్త్రజ్ఞులతో కలిసి నేల ఉసిరిని పరీక్షించారు. 1988లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో ఆ సంగతి వచ్చింది. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయిందని! మన దొడ్లో మొలిచే మొక్కకి అంత గౌరవం దక్కితే ఎవరికి సంతోషం కాదు? కానీ తరవాత థాయిలాండ్‌లోనూ, ఇతర చోట్లా అదే పని చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. శాస్త్రంలో ఒకసారి వండి బాగా కుదిరిందంటే చాలదు, పదిమంది వండినా అదే రుచి రావాలి.

పనిచెయ్యకపోతే పోయె, హాని లేదుగా అనుకోకండి. కరోనా రోజుల్లో అందరూ తిప్పతీగ కషాయం తాగారు. ఆ తరవాత కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని 13 ఆస్పత్రుల వైద్యులు 2022లో ప్రచురించారు. అందులో మన గచ్చిబౌలి ఏ.ఐ.జి. ఆస్పత్రి వైద్యులు ముందున్నారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ మాత్రం తిప్పతీగ సురక్షితమనే చెప్పింది. వాళ్ళ వాదం వాళ్ళు తేల్చుకుంటారు, వైరస్ ఉన్న మన పిల్లల కాలేయం మీద మనం తేల్చుకోవద్దని నా మాట. అమెరికాలో పసుపు మాత్రల వల్ల కాలేయం వాచిన పదిమంది కథ కూడా 2022లోనే వచ్చింది, ఒకరు ప్రాణం కోల్పోయారు. పప్పులో వేసే చిటికెడు పసుపు గురించి కాదు సుమా నేను చెప్పేది. కొందరు కామెర్ల రోగికి ఆ చిటికెడు కూడా వెయ్యరు, నూనె చుక్క తగలనివ్వరు, పప్పు మానిపిస్తారు, వారాల తరబడి చప్పిడి తిండి పెడతారు. గ్లూటాథయోన్ కట్టుకోవడానికి ప్రోటీను కావాలండీ! పప్పు, పెరుగు, గుడ్డు మానిపిస్తే కాపలాదారుడికి జీతం ఆపేసినట్టే. కడుపులో నీరు చేరినవాళ్ళకి డాక్టర్లు ఉప్పు తగ్గించమంటారు, అది వేరే సంగతి.

అసలు కిటుకు ఒకటుంది. నిప్పు రాజేసేవాడు లోపలే కూర్చుని ఉండగా పైనుంచి ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా చిల్లు కుండలో పోసినట్టే. రాజేసేవాడిని బయటకు గెంటాలి, లేదా చేతులు కట్టెయ్యాలి. ఈ రెండు పనులకీ ఇవాళ మందులున్నాయి, వాటిలో మన హైదరాబాదు చెయ్యి కూడా ఉంది.

సి వైరస్‌ని గెంటే సోఫోస్‌బువిర్ అనే మాత్ర 2013 డిసెంబరులో అమెరికాలో వచ్చింది. మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాలకి 84 మాత్రలు. లెక్క వేసుకోండి! 2014లో దాన్ని చవకగా తయారుచెయ్యడానికి లైసెన్సు తీసుకున్న కంపెనీల్లో మన ఊరి హెటిరో ఉంది, 2015లో నాట్కో వచ్చి చేరింది. ధర ఎన్నో రెట్లు పడిపోయింది. దానితో ఇంకో మాత్ర కలిపి వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో బి కీ, సి కీ పరీక్షలు, మందులు ఉచితం. సి వైరస్ పోయాక కాలేయంలో మంట తగ్గుతుంది, మచ్చలు కూడా చాలామందిలో నెమ్మదిగా కరుగుతాయి. ఏ టానిక్కూ చెయ్యని పని అది.

బి వైరస్‌ని ఇంకా పూర్తిగా గెంటలేం. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మాత్రలతో చేతులు కట్టెయ్యగలం. అందరికీ వెంటనే మందు అక్కరలేకపోవచ్చు. ఎస్.జి.పి.టి., రక్తంలో వైరస్ లెక్క, కాలేయం ఎంత గట్టిపడిందో చెప్పే ఫైబ్రోస్కాన్ చూసి డాక్టరు నిర్ణయిస్తారు. మందు అక్కరలేదన్నా ఆరు నెలలకోసారి చూపించుకోవడం మానకూడదు. మందు మొదలుపెట్టాక, "ఇప్పుడు బాగానే ఉన్నాడుగా" అని మనంతట మనం ఆపేస్తే వైరస్ ఒక్కసారి విజృంభించి ప్రాణం మీదకు వస్తుంది.

ఇక ఐ.టి. పిల్లల తల్లులకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. వైరస్ ఒక్కటే అయితే కాపలాదారులు కొంతకాలం నెట్టుకొస్తారు. దానికి సారాయి తోడైతే గ్లూటాథయోన్ నిల్వ రెండు వైపులనుంచీ కరుగుతుంది. శుక్రవారం రాత్రి మాదాపూర్‌లో స్నేహితులతో ఒక గ్లాసే కదా అనే మాట ఈ జబ్బున్నవాళ్ళకి చెల్లదు. మూడోది కొవ్వు. హైదరాబాదు విశ్వవిద్యాలయం వారూ, ఏ.ఐ.జి. వారూ కలిసి 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించారు. నూటికి 84 మంది కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది, 71 మందికి స్థూలకాయం. పన్నెండు గంటలు కుర్చీలో కూర్చోవడం, అర్ధరాత్రి యాప్‌లో బిరియానీ తెప్పించుకోవడం, తెల్లవారి నిద్రపోవడం. కొవ్వు నిండిన కణంలో కుంపటి ఎప్పుడూ రవ్వలు కక్కుతూనే ఉంటుంది. అలాంటి కాలేయంలో వైరస్ కూడా ఉంటే ఇక అడగాలా? ఈ పిల్లలకి మాత్రల సీసా కొనిపెట్టడం కన్నా సాయంత్రం ఇంటి చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేయించడం మేలు.

కాఫీప్రియులకి మాత్రం శుభవార్త. సి వైరస్ రోగుల మీద అమెరికాలో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకి మూడు కప్పులు, ఆపైన కాఫీ తాగేవాళ్ళలో జబ్బు ముదరడం సగానికి సగం తక్కువ కనిపించింది. కాఫీ మందని కాదు, హాని లేదని మాత్రం అనుకోవచ్చు. మా వారు ఈ ముక్క విన్న దగ్గరనుంచి మూడో కప్పు హక్కుగా అడుగుతున్నారు. చక్కెర లేకుండా అయితేనే అని నేను షరతు పెట్టాను.

కొండాపూర్ తల్లి రెండో భయం గురించి. బి వైరస్ కంచం వల్ల, గ్లాసు వల్ల, పక్కన కూర్చుంటే, కావలించుకుంటే రాదు. పిల్లవాడికి కంచం వేరు పెట్టి వాడి మనసు విరిచెయ్యకండి. గడ్డం గీసుకునే బ్లేడు, పళ్ళు తోముకునే బ్రష్షు, గోళ్ళ కత్తెర మాత్రం ఎవరివి వాళ్ళకే ఉండాలి. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలి, మీతో సహా. లేనివాళ్ళు టీకా వేయించుకోవాలి. మొదటిది వేశాక నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. పెళ్ళికి కూడా ఇదే దారి. చేసుకోబోయే అమ్మాయికి నిజం చెప్పి, పరీక్ష చేయించి, టీకాలు పూర్తిచేస్తే ఆ కాపురానికి ఏ అడ్డూ లేదు. దాచి చేస్తే మాత్రం రేపు ఆ పిల్లకి వస్తుంది. మనమూ ఆడపిల్లల తల్లులమే కదా!

ఈ టీకా మాట వచ్చింది కనుక చెబుతాను. ఒకప్పుడు ఇది విదేశాల నుంచే రావాలి, ధర మధ్యతరగతి వాళ్ళకి అందేది కాదు. కె.ఐ. వరప్రసాద రెడ్డి గారు హైదరాబాదులో తన తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి అనే టీకా తెచ్చారు. సైబర్ టవర్స్ తలుపులు తెరిచింది 1998లో, అంటే హైటెక్ సిటీ కన్నా ముందే వచ్చిందన్నమాట. మన దేశంలో జన్యు విధానంతో తయారైన మొదటి టీకా అదే, ధర ఒక్కసారిగా దిగివచ్చింది. అయినా దేశమంతటా పిల్లలకి ఉచితంగా వేసే టీకాల్లో ఇది చేరేసరికి 2011 అయింది. ఇవాళ ఆ అద్దాల మేడల్లో పనిచేసే పిల్లలందరూ అంతకు ముందు పుట్టినవాళ్ళే. డబ్బు పెట్టి వేయించిన ఇళ్ళు కొన్ని, వేయించనివి ఎన్నో. మీ పిల్లల టీకా కార్డు పెట్టెలో ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే పరీక్ష చేయించండి, హెచ్.బి.ఎస్.ఏజి. అనే చిన్న రక్తపరీక్ష అది.

కడుపుతో ఉన్న కూతుళ్ళూ, కోడళ్ళూ ఉన్నవారు ఇది కూడా వినండి. పెద్దయ్యాక బి వైరస్ సోకితే నూటికి 95 మంది దాన్ని వదిలించుకుంటారు. పురిట్లో తల్లి నుంచి సోకిన బిడ్డల్లో నూటికి 90 మందికి జీవితాంతం ఉండిపోతుంది. అందుకని గర్భిణికి ఈ పరీక్ష తప్పక చేయించాలి. తల్లిలో వైరస్ ఎక్కువగా ఉంటే చివరి నెలల్లో డాక్టరు మాత్రలు ఇస్తారు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా పడాలి, తల్లికి వైరస్ ఉంటే దానితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంకో ఇంజెక్షన్ కూడా. అవి వేయించాక తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు. పురుడు ఏ ఆదివారమో, పండగ రోజో వస్తే, "రేపు వేస్తాంలెండి" అంటారు కొన్ని చోట్ల. కానుపు ముందే ఆస్పత్రిలో అడిగి, ఆ ఇంజెక్షన్ తెప్పించి ఉంచారో లేదో కనుక్కోండి. ఆ 24 గంటలూ నర్సుకి గుర్తు చెయ్యవలసింది అమ్మమ్మా, నాయనమ్మా.